సన్నం, దొడ్డు



మా నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో బియ్యం కొనడానికి పోతే దుకాణందారు మొదట అడిగే మాట ఒకటే. "సన్నయా, దొడ్డయా?" సన్నబియ్యమంటే ఒక ధర, దొడ్డుబియ్యమంటే ఇంకో ధర. ఆ తర్వాత ఇన్ని గింజలు అరచేతిలో పోసుకుని వెలుతురుకు పట్టి చూస్తాం. తెల్లగా ఉన్నాయా, మెరుస్తున్నాయా, నూకలేమైనా ఉన్నాయా అని.

ఈ మాటలు బియ్యం బస్తాల దగ్గరే ఆగిపోతే నాకు ఇవాళ ఈ మైకు ముందు కూర్చునే పని ఉండేది కాదు. పెళ్లిచూపులకు పోయొచ్చిన వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి అడిగేది కూడా ఇదే. "పిల్ల సన్నగున్నదా, దొడ్డుగున్నదా?" వెంటనే రెండో ప్రశ్న, "కలర్ ఉన్నదా?" బియ్యానికీ పిల్లకూ ఒకే కొలత. సన్నగా ఉండాలె, తెల్లగా ఉండాలె, మెరవాలె.

నేను ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పినదాన్ని. ఉద్యోగం సూర్యాపేటలో మొదలైంది, కోదాడలో చాలా ఏళ్లు గడిచింది, మిర్యాలగూడలో ముగిసింది. రక్తప్రసరణ, జీర్ణవ్యవస్థ, హార్మోన్లు బోర్డు మీద బొమ్మలేసి చెప్పాను. నా ముందు బెంచీల మీద కూర్చున్న ఆడపిల్లలు మాత్రం తమ ఒంటి గురించి వేరే పాఠం ఇంటి దగ్గర నేర్చుకుని వచ్చేవాళ్లు. ఆ పాఠం ముందు నా పాఠం నిలవలేదు. ఆ సంగతే ఇవాళ మాట్లాడుకుందాం.

మిర్యాలగూడలో ఉన్నవాళ్లకు రైసుమిల్లు గురించి చెప్పక్కర్లేదు. ఊరి చుట్టూ మిల్లు పక్కన మిల్లు. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు ఎడమ కాల్వలోకి వదిలాక ఈ నేల వరి నేలైంది. అంతకు ముందు మా అమ్మమ్మ కాలంలో ఇంట్లో జొన్నగట్క, సజ్జరొట్టె ఉండేవి. వరన్నం పండుగనాటి మాట. నీళ్లొచ్చి అన్నం రోజువారీ తిండి అయ్యింది. ఆకలి తీరింది, దానికి చేతులెత్తి మొక్కాలి.

ఇక మిల్లులో ఏం జరుగుతుందో చూద్దాం. వడ్ల మీది ఊక మొదట ఊడుతుంది. లోపల బియ్యపు గింజ గోధుమ రంగులో ఉంటుంది, అదే ముడిబియ్యం. దాన్ని పాలిష్ యంత్రంలో వేస్తే పైపొర రాలిపోయి తవుడవుతుంది. ఎంత పాలిష్ పడితే అంత తెలుపు. ఆఖరున సార్టెక్స్ యంత్రం. దాంట్లో కెమెరా కన్ను ఉంటుంది. గింజలు ధారగా కిందికి జారుతుంటే రంగు తక్కువైన గింజను అది పసిగట్టి, గాలితో ఒక్క దెబ్బ కొట్టి పక్కకు తోసేస్తుంది. మిగిలింది సంచిలోకి పోతుంది. చూడటానికి ముత్యాల్లా ఉంటుంది.

రాలిపోయిన తవుడులో ఏముంది? 1890లలో జావా దీవిలో ఐక్‌మాన్ అనే డచ్చి డాక్టరు దానికి జవాబు వెతికాడు. ఆస్పత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం తిని ఆయన కోళ్లు కాళ్లు పట్టు తప్పి కూలబడ్డాయి. తర్వాత కొత్త వంటవాడొచ్చి, సైనికుల బియ్యం కోళ్లకెందుకు పెట్టాలని మానేసి, పాలిష్ పట్టని బియ్యం వేయించాడు. కోళ్లు లేచి తిరిగాయి. పోయిన బలం ఆ పైపొరలో ఉందని అట్లా తెలిసింది. ఆ పనికి 1929లో ఆయనకు నోబెల్ బహుమతి పంచి ఇచ్చారు. ఇప్పుడు మనం బి విటమిన్ అని పిలిచేది అదే. తెల్లదనం కోసం మనం తీసేసి గొడ్లకూ నూనె ఫ్యాక్టరీలకూ పంపేది ఆ బలాన్నే.

2025 ఉగాది నాడు మన హుజూర్‌నగర్‌లోనే రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టారు. అంతకు పదేళ్ల ముందు, 2015 జనవరి నుంచి హాస్టళ్లకూ బడులకూ సన్నబియ్యం వచ్చాయి. పేదింటి కంచంలోకి కూడా సన్నన్నం రావడం నాకు సంతోషమే. దొడ్డన్నం తినేవాళ్లు తక్కువవాళ్లు, సన్నన్నం తినేవాళ్లు గొప్పవాళ్లు అనే తేడా ఎన్ని తరాలు మనసుల్ని కోసిందో నాకు తెలుసు. నా బాధ బియ్యంతో కాదు. బియ్యానికి పెట్టిన కొలతను తెచ్చి పిల్లల మీద పెట్టామే, దానితో.

మన భాషలో ఒంటికి ఎన్ని మాటలున్నాయో చూడండి. బక్కపల్చన, సన్నం, నాజూకు, ఒడ్డూపొడుగు, బొద్దు, లావు, దొడ్డు. రంగుకు పసిమిఛాయ, గోధుమవన్నె, చామనఛాయ, నలుపు. ముఖానికి కనుముక్కు తీరు. ఇన్ని మాటలుండటం భాషకు సంపద. మా నాయనమ్మ ఒక పిల్లను చూసి "కనుముక్కు తీరున్న పిల్ల" అనేది. ఆ మాటలో రంగూ లేదు, బరువూ లేదు. "ఒడ్డూపొడుగు ఉన్న మనిషి" అంటే మెచ్చుకోలే, పొలంలో నిలబడి పని చేయగల మనిషని. ఇప్పుడు అదే పిల్లను "ఏంది, గింత దొడ్డుగైనవ్?" అంటున్నాం. అదీ ఎప్పుడు? ఆర్నెల్లకు ఒకసారి హాస్టలు నుంచి వచ్చి సంచి ఇంకా కింద పెట్టకముందే. మంచినీళ్లిచ్చే లోపలే. అన్నది మేనత్త కావచ్చు, పెద్దమ్మ కావచ్చు, పక్కింటామె కావచ్చు. ప్రేమతోనే అన్నది. ఆ పిల్ల ఆ పూట రెండో ముద్ద మానేస్తుంది. ఎవరూ గమనించరు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. నేను పాఠాలు చెప్పిన మూడూళ్లలో ఒకచోట మా కాలేజీలో ఆరోగ్య పరీక్షలు జరిగాయి. పదిహేనేళ్లు దాటింది. వరండాలో బరువు యంత్రం పెట్టారు. ఒకరు నిలబడి అంకె గట్టిగా చదువుతున్నారు, నేను బల్ల దగ్గర కూర్చుని రిజిస్టరులో రాస్తున్నాను. మగపిల్లలు కూడా అదే వరుసలో ఉన్నారు. ఫస్టియర్ పిల్ల ఒకతె ఎక్కింది. "డెబ్బై నాలుగు" అని కేక వినిపించింది. వరండా అంతా నవ్వింది. నేను తలెత్తలేదు, రాసుకున్నాను. మరునాటి నుంచి ఆ పిల్ల పేరు పోయింది. కాలేజీలో అందరికీ ఆమె "డెబ్బై నాలుగు" అయ్యింది.

రెండు నెలల తర్వాత, ప్రాక్టికల్స్‌లో మైక్రోస్కోపు మీదికి వంగిన పిల్ల వంగినట్టే కింద పడిపోయింది. నీళ్లు చల్లి లేపి, నా గదిలో పడుకోబెట్టి అడిగాను. పొద్దున టిఫిను మానేసి చాలా రోజులైందట. మధ్యాహ్నం డబ్బాలో అన్నం కుక్కలకు పెడుతోందట. రాత్రి ఇంట్లో వాళ్లు చూస్తారు కాబట్టి నాలుగు ముద్దలు. ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఏడు గ్రాములకు కొంచెం పైన ఉంది. ఆడవాళ్లకు పన్నెండుకు తగ్గకూడదు. వాళ్లమ్మ నోరు తెరిచి అట్లా నిలబడిపోయింది. "మేడం, గింత దొడ్డుగున్న పిల్లకు రక్తం తక్కువేంది?" అన్నది.

ఆ తల్లి ప్రశ్నలోనే మన పొరపాటంతా ఉంది. లావుంటే బలం, సన్నముంటే అందం అని రెండు పెట్టెలు చేసి పెట్టుకున్నాం. ఒంట్లో లోపల ఏముందో పైనుంచి చూసి చెప్పలేం. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణ లెక్కలు చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57.6 మందికి రక్తహీనత ఉంది. నూటికి 30 మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. ఇంకో 18.8 మంది ఉండాల్సిన దానికన్నా తక్కువున్నారు. వంద మంది ఆడవాళ్లు ఒకచోట నిలబడితే అందులో సగానికి పైగా రక్తం చాలనివాళ్లే. వాళ్లలో లావువాళ్లూ ఉంటారు, బక్కవాళ్లూ ఉంటారు. రక్తం లేక పాలిపోయిన పిల్లను చూసి "ఈ మధ్య రంగు తేలింది" అని మెచ్చుకున్న వాళ్లను నేను చూశాను. ఆ పిల్ల మురిసింది కూడా.

సన్నగా ఉన్నవాళ్లంతా ఆరోగ్యవంతులన్న మాటా నిలవదు. పుణెలో యాజ్నిక్ అని షుగరు జబ్బు మీద పరిశోధన చేసిన డాక్టరున్నారు. లండన్‌లో ఆయన మిత్రుడు యుడ్కిన్. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఫొటో తీయించుకుని 2004లో లాన్సెట్ పత్రికలో వేశారు. ఎత్తూ బరువూ కలిపి వేసే బీఎంఐ లెక్క ఇద్దరికీ ఒక్కటే, 22.3. మరి ఒంట్లో కొవ్వు కొలిస్తే తెల్లాయనకు 9.1 శాతం, మన యాజ్నిక్‌కు 21.2 శాతం. అంకె ఒకటే, లోపలి సంగతి వేరు. మన ఒంటి తీరు అది. చేతులు కాళ్లు సన్నగా ఉంటాయి, కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. చీర కుచ్చిళ్ల కింద ఎవరికీ కనిపించదు. ముప్ఫై అయిదేళ్లకు షుగరు వచ్చాక "సన్నగానే ఉంటినిగదా!" అని ఆశ్చర్యపోతాం.

అందుకే ఇంట్లో బరువు యంత్రం కన్నా దర్జీ టేపు మంచిదంటాను. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, ఊపిరి మామూలుగా వదిలి, నడుము చుట్టూ కొలుచుకోండి. మన దేశపు ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు దాటితే ఒకసారి షుగరూ బీపీ చూపించుకోవాలి. ఆ కొలత మీకూ డాక్టరుకూ మధ్యే ఉండాలి. పెళ్లిచూపుల వాళ్లకు దానితో పని లేదు.

ఇక రంగు. ఇది నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి.

1975లో మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ అనే క్రీము వచ్చింది. పల్లెల్లో చిన్న కిరాణా కొట్లో కూడా సాచెట్లు దండలా వేలాడేవి. నలభై అయిదేళ్ల తర్వాత, 2020లో, దాని పేరులోంచి ఫెయిర్ అన్న మాట తీసేసి గ్లో అని పెట్టారు. డబ్బా మీద పేరు మారింది, మన అరుగుల మీద మాట మారలేదు. అంతకన్నా ప్రమాదం ఇంకోటి ఉంది. చర్మవ్యాధులకు వాడే స్టెరాయిడ్ ట్యూబులను తెల్లబడటానికి రాసుకునేవాళ్లు ఎంతోమంది. వారం రోజుల్లో తళుక్కుమంటుంది ముఖం. ఆర్నెల్లకు ఎర్రబడి, చర్మం పల్చనై, ఎండలోకి పోతే మంట, పైన మొటిమలు, గడ్డం దగ్గర వెంట్రుకలు. ఆపితే ఇంకా ఎక్కువవుతుంది, అందుకని మళ్లీ రాస్తారు. 2018లో ప్రభుత్వం ఈ స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. మీ ఇంట్లో పిల్ల అద్దం ముందు ఏ ట్యూబు పెట్టుకుందో దాని మీది అక్షరాలు ఒకసారి చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లలో ఏది ఉన్నా చర్మ డాక్టరుకు చూపించండి. మీకు మీరుగా ఒక్కసారిగా ఆపేయొద్దు.

ఇంకో సంగతి మెడ గురించి. కొందరు ఆడపిల్లలకు మెడ వెనక, చంకల్లో, చర్మం నల్లగా, ముతకగా, మఖమల్లా తయారవుతుంది. తల్లులు సున్నిపిండి పెట్టి, నిమ్మచెక్క పెట్టి, చివరికి పీచు పెట్టి తోముతారు. తోమి తోమి పుండు చేసినవాళ్లున్నారు. అది మురికి అయితే కదా పోవడానికి! ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని చర్మం చెప్పే కబురది. దానితోపాటు నెలసరి రెండు మూడు నెలలకు ఒకసారి వస్తుంటే, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే, అది పీసీఓడీ అనే హార్మోన్ల సమస్య కావచ్చు. ఆ పిల్లకు కావలసింది డాక్టరు. ఇంట్లో దొరికేది మాత్రం "మెడ కడుక్కోవా?" అన్న తిట్టు.

మన తెలుగింటి పిల్ల నీనా దావులూరి గుర్తుందా? తల్లిదండ్రులు విజయవాడ నుంచి అమెరికా పోయినవాళ్లు. కోదాడ నుంచి విజయవాడ ఎంత దూరం, బస్సెక్కితే రెండు గంటలు. 2013 సెప్టెంబరు 15న ఆమె మిస్ అమెరికా కిరీటం పెట్టుకుంది. అక్కడ కొందరు ఆమెను పరాయిదన్నారు. ఆ మాటకు మనకు కోపమొచ్చింది, రావాల్సిందే. మరి ఇక్కడ వినిపించిన మాట ఏమిటి? ఈ రంగుతో మన దేశంలో పోటీ చేస్తే ఈ అమ్మాయి గెలిచేదా అని! అక్కడి వాళ్ల మాట కన్నా ఈ ప్రశ్నే ఎక్కువ గుచ్చుకోవాలి మనకు. దానికి మనం ఇచ్చుకునే జవాబు మనకు తెలుసు కాబట్టి.

సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి ఉంది. కాకతీయుల కాలంలో రేచర్ల సామంతుల ఊరు. అక్కడి ఎరకేశ్వరాలయం 1208లో ఎరకసానమ్మ అనే ఆడమనిషి కట్టించింది. ఎనిమిది వందల ఏళ్లు దాటింది. లోపలి స్తంభాలు నల్లరాతివి. అద్దంలా నునుపు తేలి ఉంటాయి. కాలేజీ పిల్లలను తీసుకుపోయినప్పుడల్లా చూశాను, ప్రతి పిల్లా ఆ స్తంభం మీద చెయ్యి పెట్టి నిమురుతుంది, దగ్గరికి పోయి ముఖం చూసుకుంటుంది. "ఎంత బాగుంది మేడం!" అంటుంది. ఆ నలుపు అందమే. మన నల్లరేగడి అందమే, పంటకు ఆధారమే. ఎడమ కాల్వలో పారే నీళ్లు ఏ నదివి? కృష్ణ. ఆ పేరుకు అర్థమే నల్లనిది అని. ద్రౌపదికి కృష్ణ అని పేరు, ఆమె ఒంటి ఛాయను బట్టే వచ్చింది. మనం మొక్కే వేల్పు నలుపు, తాగే నది నలుపు, దున్నే నేల నలుపు. కడుపున పుట్టిన పిల్ల దగ్గరికి వచ్చేసరికే ఆ రంగు తక్కువైపోతోంది.

సినిమా సంగతి కొంచెం. 1957లో వచ్చిన మాయాబజార్‌లో శశిరేఖగా వేసిన సావిత్రి గారిని ఇప్పటికీ ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తాం. నిండుగా, బొద్దుగా ఉన్న మనిషి. ఆ శశిరేఖ సన్నగా లేదని ఎవరూ అనలేదు. తర్వాత తర్వాత కథానాయిక నడుము సన్నబడుతూ వచ్చింది. లావుగా ఉన్న నటికి మిగిలింది నవ్వించే పాత్ర. ఆమె కుర్చీలో కూర్చుంటే కుర్చీ విరగాలి, జనం నవ్వాలి. ఆ హాల్లోనే ఏదో మూల డెబ్బై నాలుగు కిలోల పిల్ల కూర్చుని ఉంటుంది, అందరితోపాటు తనూ నవ్వుతూ.

నటి ఆర్తీ అగర్వాల్‌ను మనవాళ్లు ఎంతో ఇష్టపడ్డారు. 2001లో వచ్చిన నువ్వు నాకు నచ్చావ్ చూడనివాళ్లు తక్కువ. తర్వాత ఆమె ఒళ్లు చేసిందని ఎన్ని రాతలు, ఎన్ని మాటలు! 2015 జూన్ 6న అమెరికాలో కన్నుమూసింది. 31 ఏళ్లు. అంతకు కొన్ని వారాల ముందే కొవ్వు తీసే శస్త్రచికిత్స చేయించుకుందని పత్రికలు రాశాయి. చావుకు ఏది కారణమో నేను తేల్చేదాన్ని కాను. ఆ వయసులో ఆ పిల్ల ఎంత మాట పడి ఉంటే కత్తి కిందికి పోయిందో అన్న ఆలోచన మాత్రం నన్ను వదల్లేదు. అదే ఏడు నవంబరులో సైజ్ జీరో సినిమా వచ్చింది. దానికోసం అనుష్క నిజంగానే బరువు పెరిగి నటించింది, తగ్గించే క్లినిక్కుల మోసం మీద కథ అది. మన పరిశ్రమలో ఆ మాట అనడానికి ఒకరు ముందుకొచ్చినందుకు నేను సంతోషపడ్డాను.

2025 మేలో హైదరాబాద్‌లో ప్రపంచ సుందరి పోటీలు జరిగాయి. మే 12న, బుద్ధపూర్ణిమ నాడు, ఆ అమ్మాయిలను మన సాగర్‌కు తీసుకొచ్చి బుద్ధవనం చూపించారు. ఫోన్లలో ఆ ఫొటోలు చూసి మన పిల్లలు ఎత్తులు, నడుములు పోల్చుకున్నారు. ఆ నెలాఖరున గెలిచింది థాయ్‌లాండ్ అమ్మాయి ఓపల్ సుచాత. నేను ఆమె గురించి మన పిల్లలకు చెప్పేది వేరే. పదహారేళ్లకు ఆ పిల్ల రొమ్ములో గడ్డ కనిపిస్తే ఆపరేషన్ చేసి తీసేశారు. అది క్యాన్సరు గడ్డ కాదు. అప్పటి నుంచి రొమ్ము క్యాన్సర్ గురించి ఆడవాళ్లకు చెబుతూ తిరుగుతోంది. మనం ఆడదాని ఒంటి కొలతలన్నీ నడివీధిలో మాట్లాడుకుంటాం. అదే ఒంట్లో గడ్డ తగిలితే మాత్రం సిగ్గుపడి ఆర్నెల్లు దాచుకుంటాం. నొప్పి లేని గడ్డ అని ఊరుకోవద్దు తల్లీ. నొప్పి లేకపోవడమే చాలాసార్లు ఆ జబ్బు తీరు. ఈ ప్రసంగంలో ఇంకేదీ గుర్తులేకపోయినా ఇది గుర్తుంచుకోండి.

కాన్పు తర్వాతి ఒళ్లు గురించి కూడా చెప్పాలి. ఇందాక చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే మన రాష్ట్రంలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే. అప్పటికి దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంత లేదు. కడుపు కోసి, కండరాలు ఎడంచేసి, బిడ్డను తీసి, పొరపొరా కుట్టిన ఒళ్లది. తొమ్మిది నెలలు సాగిన చర్మమది. ఇరవై ఒకటో రోజు ఉయ్యాలకు వచ్చిన చుట్టాలు బాలింతను చూసి "ఏంది, పొట్ట ఇంకా లోపలికి పోలే?" అంటారు. పొట్ట పోవాలని పథ్యం పేరుతో పప్పు మాన్పిస్తారు, కూర మాన్పిస్తారు, నీళ్లు కూడా తగ్గిస్తారు. పాలెక్కడి నుంచి రావాలి? కుట్టు మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, కూరలు, అన్నీ కావాలి. పొట్ట తగ్గడానికి ఏడాది పట్టొచ్చు, కొంచెం గుర్తు ఎప్పటికీ మిగలొచ్చు. మిగిలితే మిగలనీయండి.

వరినాట్ల కాలంలో కోదాడ రోడ్డు వెంట పోతుంటే బురదలో వరుసగా వంగిన ఆడవాళ్లు కనిపిస్తారు. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా వంగిన నడుము ఎత్తరు. ఆ నడుము సన్నమా దొడ్డా అని ఏ రైతూ అడగలేదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి వెన్ను వంగిపోయిన అమ్మలను చూసినదాన్ని నేను. నిటారుగా నిలబడి ఆకాశం చూడగలిగితే చాలు అనుకున్న ఒళ్లు అవి. తుంగతుర్తి దగ్గరి కర్విరాల కొత్తగూడెంలో 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం గారు చిన్న వయసులోనే తెలంగాణ సాయుధ పోరాటంలోకి పోయి తుపాకీ పట్టారు. పట్టిస్తే పదివేల రూపాయలు ఇస్తామన్నది నిజాం సర్కారు. 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యే అయ్యారు. 2022లో పోయేదాకా ఆ గొంతు తగ్గలేదు. మా ప్రాంతపు ముసలమ్మలు ఆమె గురించి చెప్పుకుంటే గొంతు గురించి, ఉయ్యాల పాట గురించి, ధైర్యం గురించి చెప్పుకుంటారు. ఏ రంగో, ఎంత లావో చెప్పగా నేను వినలేదు.

అట్లని ఒంటిని పట్టించుకోవద్దని కాదు. పొద్దున్నే సూర్యాపేట సద్దుల చెరువు కట్ట మీద, కోదాడ పెద్ద చెరువు కట్ట మీద ఆడవాళ్లు జంటలు జంటలుగా నడుస్తుంటే నాకు కడుపు నిండినట్టుంటుంది. నడవండి. సన్నబడటానికని నడిస్తే నెలకు విసుగొస్తుంది. నిద్ర బాగా పడుతుందని, మోకాళ్లు ఆడతాయని, గంటసేపు మీ మాట మీరు మాట్లాడుకోవచ్చని నడిస్తే మానాలనిపించదు. పొద్దున్నే ఏదో పొడి కలిపిన గ్లాసుడు పానీయం తాగించి నెలకు పది కిలోలు తగ్గిస్తామనే వాళ్ల దగ్గరికి పోవద్దు. ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోండి. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె పెంచండి. మా అమ్మమ్మ తిన్న సజ్జరొట్టెలో ఇనుముంది, ఉలవచారులో ఉంది, మునగాకు పప్పులో ఉంది, సద్దుల బతుకమ్మ నాటి నువ్వుల సద్దిలో ఉంది. తినేవాళ్లయితే కార్జంలో ఎక్కువ. పైన నిమ్మకాయ పిండుకుంటే ఆ ఇనుము ఒంటికి పడుతుంది. తిన్నాక వెంటనే చాయ్ తాగితే పడదు, గంట ఆగాలి. వీలైతే కొంచెం తక్కువ పాలిష్ బియ్యం తెచ్చుకోండి. అన్నం అంత తెల్లగా కనిపించదు, మొదట నమలడం కష్టమనిపిస్తుంది. పది రోజుల్లో అలవాటవుతుంది.

ఇక పెద్దవాళ్లకు నేను చెప్పుకునేది ఒకటే ఉంది. ఇంటికొచ్చిన ఆడపిల్లను గుమ్మంలో చూసి మొదటి మాట ఒంటి గురించి అనకండి. దొడ్డుగైనవ్ అనొద్దు, బక్కగైనవ్ అనొద్దు, నల్లబడ్డవ్ అనొద్దు. "సన్నబడి మంచిగైనవ్" అని మెచ్చుకోవడం కూడా వద్దు, ఆ సన్నబడటం వెనక కుక్కలకు పెట్టిన అన్నం ఉండొచ్చు. "రా బిడ్డా, తిన్నవా?" అనండి. మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న పలకరింపే అది.

మొన్న నాకు బీపీ మాత్రలు అయిపోయి మా దగ్గరి ఆరోగ్య కేంద్రానికి పోయాను. నర్సు గదిలో తెల్లచీరలో ఉన్నామె నన్ను చూసి లేచి నిలబడింది. "మేడం, గుర్తుపట్టలేదా?" అన్నది. పట్టాను. వరండా అంతా నవ్విన ఆ పిల్లే. కాలేజీ రోజుల తర్వాత ఇన్నేళ్లకు ఎదురుగా చూడటం. అప్పటికన్నా కొంచెం లావే ఉంది. ముఖం కళకళలాడుతోంది, చేతులు చురుగ్గా తిరుగుతున్నాయి. గదిలో ఒక మూల పరదా కట్టి ఉంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే పరదా వెనక్కు పోతున్నారు, వస్తున్నారు. బయట బెంచీ మీదివాళ్లకు ఒక్క అంకె కూడా వినిపించడం లేదు. పరదా వెనక ఉన్నది బరువు యంత్రమని నా వంతు వచ్చినాక తెలిసింది.

ఎక్కాను. ఆమె వంగి చూసింది, పైకి చదవలేదు. కార్డులో రాసి, మడిచి, నా చేతిలో పెట్టింది. నేను ఆ రోజు తలెత్తలేదని, రాసుకున్నానని ఆమెతో చెప్పాలనుకున్నాను. గొంతు పెగల్లేదు. ఆమె నా కనురెప్ప కిందికి లాగి రంగు చూసి, అడిగింది.

"పొద్దున ఏం తిన్నరు మేడం?"